ఐదు దాటితేనే లెక్క

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, సముద్రాన్ని ఆనుకుని, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న ఈ ప్రాంతంలో ఇద్దరు ఎదురుపడితే "ఎంతుందేటి?" అన్న పలకరింపు వినపడుతుంది. అడుగుతున్నది కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్ గురించేనని ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. అక్షరమ్ముక్క రాని ముసలమ్మలకు కూడా తమ అంకె, కొడుకు అంకె, వియ్యపురాలి అంకె నోటికి వచ్చు.

ఇక్కడి కిడ్నీ జబ్బు మొన్నటిది కాదు. 1990ల నుంచే ఇక్కడి పల్లెల్లో నలభై, యాభై ఏళ్ల మనుషులు ముఖం ఉబ్బి, ఆకలి చచ్చి, ఆయాసంతో పోతుండేవారు. చాలామందికి షుగరు లేదు. కిడ్నీలను పాడుచేసేంత బీపీ కూడా మొదట్లో ఉండేది కాదు. నెఫ్రాలజిస్టు డాక్టర్ టి.రవిరాజు వంటివారు దీని మీద దృష్టి పెట్టాక, ఊళ్లకు ఊళ్లు రక్తపరీక్షలు చేశాక, ఇది వైద్యపుస్తకాల్లో కనిపించే మామూలు కిడ్నీ జబ్బు కాదని తేలింది. తర్వాత జరిగిన సర్వేలు పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పాయి. కారణం మాత్రం ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

ఈ ప్రాంతంలోని ఓ చిన్న పట్నంలో నాది రెండు గదుల క్లినిక్. నేను నెఫ్రాలజిస్టును కాను, జ్వరాలూ దగ్గులూ తేలుకాట్లూ చూసే మామూలు డాక్టర్ని. ఉద్దానం అనగానే పేపర్లోనూ టీవీలోనూ డయాలసిస్ మంచాలే చూపిస్తారు. ఆ మంచం ఎక్కకముందు ఐదేళ్లో, పదేళ్లో ఇక్కడి మనిషి ఎలా బతుకుతాడన్నది నేను రోజూ చూసే సంగతి. నా అనుభవంలో ఇక్కడి పేదవాడి కష్టమంతా ఆ మధ్యకాలంలోనే ఉంది. సాయం మాత్రం అది దాటాక మొదలవుతోంది.

నొప్పి లేని జబ్బు

కిడ్నీ చివరిదాకా చప్పుడు చెయ్యదు. సగం పనిచేయడం మానేసినా మనిషికి ఏమీ తెలియదు. రక్తంలో క్రియాటినిన్ కూడా సుమారు సగం పోయాకే పైకి కదలడం మొదలుపెడుతుంది. మామూలుగా 1.2 దాకా ఉండవచ్చని ల్యాబు కాగితం మీద రాసి ఉంటుంది. బక్కపల్చటి కూలిమనిషికి కండ తక్కువ, కండ తక్కువైతే క్రియాటినిన్ తక్కువగానే కనిపిస్తుంది. జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే ఓ సన్నటి ఆడమనిషికి 1.4 వస్తే "కొంచెమే కదా పెరిగింది" అనుకుంటారు. వయసు కూడా కలిపి లెక్కకడితే అప్పటికే ఆమె కిడ్నీల్లో సగం దాకా పని ఆగిపోయి ఉండొచ్చు.

ఆమెకు ఈ సంగతి చెప్పి, బీపీ బిళ్ళ రాసి, నెలకోసారి రమ్మంటే వచ్చే ప్రశ్న ఒకటే: "నొప్పేటీ లేదు కద బాబూ, మరి బిళ్ళలెందుకు?" న్యాయమైన ప్రశ్నే. నొప్పి పుట్టినప్పుడు డబ్బు ఎక్కడి నుంచో పుడుతుంది. పుస్తెలు తాకట్టు పెడతారు, డ్వాక్రా అప్పు తీస్తారు. నొప్పి లేని జబ్బుకు ఎవరూ అప్పివ్వరు, ఎవరూ అప్పు చేయరు.

అందుకే నెలకు సరిపడా మందులు రాస్తే మందుల షాపు దగ్గర అవి పది రోజులకు తగ్గిపోతాయి. "పది బిళ్ళలియ్యి బాబూ, మిగతాయి సంత రోజు పట్టుకెల్తాను." ఆ సంత రోజు రావచ్చు, రాకపోవచ్చు. కొందరు పదింటినే నెలంతా సర్దుతారు, రోజు విడిచి రోజు, తల తిరిగిన రోజున మాత్రం తప్పకుండా. మందు వాడుతున్నారా అని అడిగితే అందరూ వాడుతున్నామనే అంటారు. అందుకని నేను అడగడం మానేసి, వచ్చేటప్పుడు ఆ స్ట్రిప్పు తెమ్మంటాను. చీరకొంగు ముడి విప్పి తీసిన స్ట్రిప్పులో ఇంకా నాలుగు బిళ్ళలు మెరుస్తుంటే, పైన కొన్న తేదీ కాగితం చుట్టి ఉంటే, బీపీ యంత్రం పెట్టకముందే లెక్క తెలిసిపోతుంది. అప్పుడు కోప్పడి లాభం లేదు. రెండు మందులు రాసేచోట ఏది లేకపోతే ఎక్కువ నష్టమో చూసి ఒక్కటే రాస్తాను. ఆ ఒక్కటీ మానొద్దని బతిమాలుకుంటాను. వైద్యపుస్తకం రాయమన్నదానికీ నేను రాసేదానికీ మధ్య తేడా ఎప్పుడూ వాళ్ల చేతిలో ఉన్న డబ్బే.

నొప్పి బిళ్ళ, సూది

కిడ్నీ నొప్పి పెట్టదు కానీ నడుం పెడుతుంది. కొబ్బరి చెట్లెక్కేవాళ్లు, వలలు లాగేవాళ్లు, ఎండలో ఉపాధి పనికెళ్లేవాళ్లు, పలాస జీడి బట్టీల్లో పొద్దస్తమానం పీట మీద కూర్చునేవాళ్లు, వీళ్లలో నొప్పి బిళ్ళ మింగకుండా వారం గడిపేవాళ్లు తక్కువ. డైక్లోఫెనాక్ వంటి మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మంచి కిడ్నీ తట్టుకుంటుంది. సగం పోయిన కిడ్నీ, అందులోనూ ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగ్గా తాగని రోజున, తట్టుకోదు.

ఈ బిళ్ళలూ సూదులూ ఇచ్చేది ఎక్కువగా ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీలే. వాళ్లను తిట్టడం తేలిక. రాత్రి పన్నెండింటికి పిలిస్తే మోటారుసైకిలేసుకుని వచ్చేది వాళ్లే, డబ్బు తర్వాత ఇవ్వమనేదీ వాళ్లే. నా క్లినిక్‌కు రావాలంటే ఆటో ఛార్జీ, ఆ పూట కూలి పోగొట్టుకోవాలి. సూదికి అయ్యే ఖర్చు ఆ రెంటికంటే తక్కువ. మా దగ్గరి ఆర్‌ఎంపీలు కొందరితో నేను కూర్చుని మాట్లాడాను. కాళ్లు వాచినవాళ్లకు, మూత్రం తగ్గినవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బున్నవాళ్లకు డైక్లో వద్దు, పారాసెటమాల్‌తో సరిపెట్టి నా దగ్గరికి పంపండి అని చెప్పాను. కొందరు పంపుతున్నారు. ఇంకొందరు "సూది ఎయ్యకపోతే ఇంకో ఆర్‌ఎంపీ దగ్గిరికెల్లిపోతారు బాబూ" అంటారు. అదీ నిజమే.

గీత ఎక్కడ గీశారు

ప్రభుత్వం ఈ ప్రాంతానికి ఏమీ చేయలేదంటే అబద్ధం. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు 2,500 రూపాయలతో మొదలైన పింఛను 2019లో 10,000 అయింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. సుమారు 700 కోట్లతో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని పైపుల్లో ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకాన్నీ అదే రోజున ప్రారంభించారు.

డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకు కూడా పింఛను ఉంది. 2024లో దాన్ని 5,000 నుంచి 10,000కు పెంచారు. ఇది పెద్ద మొత్తమే, కాదనలేం. అయితే అది అందాలంటే క్రియాటినిన్ 5 దాటాలి. కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే లెక్క 15 కంటే తక్కువున్నా, స్కానింగులో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపించినా అర్హతే కానీ, జనం నోట్లో నానేది ఆ ఐదే. పక్కింటాయనకు ఐదు దాటాక పింఛను వచ్చింది, ఎదురింటామెకు ఇంకా దాటలేదు కాబట్టి రాలేదు. ఊరికి అర్థమైన వైద్యశాస్త్రం ఇది.

దీని ఫలితం నా టేబుల్ ముందు చూడాలి. నలభై నిండని ఒకాయన, కొబ్బరి కాయలు దింపే పనివాడు, ఎండాకాలంలో 5.2తో వచ్చాడు. వాంతులు, నీరసం, ఒళ్లు ఎండిపోయి ఉంది. నడుం నొప్పికి వరసగా బిళ్ళలు మింగుతున్నాడు. అవి ఆపించి, సెలైన్ పెట్టి, సోడా బిళ్ళలు, బీపీ బిళ్ళ ఇచ్చి పంపాను. మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే 4.4. డాక్టరుకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది? కాగితం అతని వైపు తిప్పి చూపించాను. అతను అంకె చూశాడు, భార్య వైపు చూశాడు. "తగ్గిపోనాదేటి బాబూ?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు. భార్య మెల్లగా అడిగింది: "మరి పింఛను కాయితానికి ఎలాగ? ఇంకెన్నాల్లకి ఐదవుద్ది?"

ఆమెను తప్పుపట్టలేను. చెట్టెక్కొద్దని నేనే చెప్పాను కదా. చెట్టెక్కకపోతే కూలి లేదు. ఐదు దాటకపోతే పింఛను లేదు. బాగుపడుతున్న మనిషి బాగుపడినందుకు నష్టపోయే చోట గీత గీశాం. ఆ గీతకు ఇటువైపు, రెండుకూ ఐదుకూ మధ్య ఉన్నవాళ్లే నా పేషెంట్లలో ఎక్కువమంది. మందులతో, ఉప్పు తగ్గించడంతో, నొప్పి బిళ్ళలు మానడంతో కిడ్నీని ఏళ్ల తరబడి నిలబెట్టగలిగేదీ వీళ్లలోనే. వీళ్ల చేతిలో నెలకు కొంత డబ్బు పెట్టే పథకం ఏదీ నాకు కనబడదు.

ఉచిత డయాలసిస్ ఖర్చు

గీత దాటినవాళ్ల సంగతీ చూద్దాం. డయాలసిస్ ఉచితమే. ఒక్కోసారి నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు చేయించుకోవాలి. కేంద్రం పక్క మండలంలో ఉంటే రానూపోనూ ఆటోకు 300 అనుకోండి, నెలకు పన్నెండుసార్లకు 3,600. ఒంటరిగా పోలేరు. మధ్యలో బీపీ పడిపోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు కాళ్లు నిలవవు. తోడొచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అది 300 అయినా ఇంకో 3,600. పదివేల పింఛనులో 7,200 దారిలోనే పోయాయి. మిగిలిన 2,800లో రక్తం పెరగడానికి వేసే సూదులు దొరకనప్పుడు బయట కొనాలి, డయాలసిస్ కోసం చేతికి చేసిన ఫిస్టులా మూసుకుపోతే విశాఖ వెళ్లాలి. సోంపేట నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇంటి బియ్యం సంగతి ఇంకా రాలేదు.

అందుకే మూడుసార్లు వెళ్లాల్సినవాళ్లు రెండుసార్లకు తగ్గించుకుంటారు. ఇంట్లో ఒకరికే డయాలసిస్ అయితే ఎలాగో నెట్టుకొస్తారు, అన్నదమ్ములిద్దరికీ ఉన్న ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. ఒకసారి మానేస్తే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రాత్రంతా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుని, తెల్లారకముందే నా క్లినిక్ తలుపు కొట్టినవాళ్లున్నారు. 108కు ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఆక్సిజన్ పెట్టి, నీరు దిగే సూది వేసి పంపడం తప్ప అక్కడ నేను చేయగలిగింది లేదు. మూత్రమే రాని కిడ్నీలో ఆ సూది కూడా పెద్దగా పనిచేయదు.

తోటలో పండేదే తినకూడదు

ఇక్కడి పేషెంట్లకు పథ్యం చెప్పడం నాకు అన్నిటికంటే కష్టమైన పని. కిడ్నీ సరిగ్గా లేనివాళ్లలో పొటాషియం పెరిగితే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. పొటాషియం ఎక్కువున్నవి ఏమిటంటే కొబ్బరి నీళ్లు, పనస, జీడిపప్పు. ఉద్దానం పండించేవే ఈ మూడు. వేసవిలో దప్పికతో నోరు పిడచకట్టిన డయాలసిస్ రోగి తన ఇంటి చెట్టు కిందే కూర్చుని "ఒక్క బొండాం తాగితే ఏటవుద్ది బాబూ?" అని అడిగితే, ఏమవుతుందో చెప్పాలి. ఊళ్లో ఒకాయన చుట్టాలింట పనసతొనలు కడుపునిండా తిని ఆ రాత్రే పోయాడన్న కథలు ఇక్కడ చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. ఆ కథలు నా సలహాకంటే బాగా పనిచేస్తాయి.

వద్దు అని ఊరుకుంటే సరిపోదు, ఏం తినాలో చెప్పాలి. పళ్ల దుకాణంలో యాపిల్ కొనుక్కోమంటే నవ్విపోతారు. జామకాయ చిన్న ముక్క సరే అంటాను. కూర ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు పెట్టుకోమంటాను. "రుసేటుంటాది?" అంటారు ఆడవాళ్లు. ఎండు నెత్తళ్లు, ఆవకాయ మానమన్నప్పుడు వచ్చే ప్రతిఘటన ఇంకా గట్టిది. కూర లేని పూట అన్నాన్ని గొంతు దింపేది ఆ రెండే. ఉప్పు వద్దంటున్నానంటే, డబ్బు లేని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూరను వద్దంటున్నానన్నమాట. అది తెలిసే చెబుతాను. ఎండుచేపను వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, వారానికి ఒక్కసారికి తగ్గించమని బేరమాడతాను.

దాచుకునే అంకె

ఇన్ని అంకెలు నోట్లో నానే ఊళ్లలోనే కొన్ని అంకెలు బయటికి రావు. పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో తల్లిదండ్రుల రక్తపరీక్ష వాయిదా పడుతుంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు ఇంట్లో ఎవరికైనా కిడ్నీ ఉందా అని ఆరా తీస్తారు. ఊళ్లో క్యాంపు పెడితే వచ్చేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ, మేము పట్టుకోవలసిన పాతికా ముప్పై ఏళ్ల కుర్రాళ్లు రారు. వాళ్లలో సగం మంది ఊళ్లోనే ఉండరు. చెన్నై, ముంబై, హైదరాబాద్ పనులకు పోయి, పండక్కి వచ్చినప్పుడు అమ్మ బలవంతం మీద నా దగ్గరికి వస్తారు. అలా వచ్చిన పిల్లాడికి మూత్రంలో ప్రోటీను కనిపిస్తే, ఆ కాగితం వాళ్లమ్మకు చూపించొద్దని నన్నే బతిమాలతాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను కూల్చేశాక ఊరొదిలి వెళ్లినవాళ్లు ఎక్కువయ్యారు. కొబ్బరి మొక్క నాటి, అది మళ్లీ కాపుకొచ్చేదాకా ఏళ్లు పడుతుంది. చెట్టు మీద నెలనెలా కాస్తో కూస్తో వచ్చే ఆదాయం పోవడమంటే, నా లెక్కలో నెలనెలా కొనే బీపీ బిళ్ళ పోవడమే.

కారణం తేలేదాకా ఆగాలా

నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో గంటలకొద్దీ చెమటోడ్చే పని అన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, కుటుంబ జన్యువులన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా ఒక్క కారణం దగ్గర ఎవరూ వేలు పెట్టలేకపోయారు. బహుశా ఒకటికి మించిన కారణాలు కలిసి పనిచేస్తున్నాయేమో. మంచినీళ్లు పైపులో రావడం ఎలాగూ మంచిదే, పరిశోధనా జరగాలి. వాటి ఫలితం వచ్చే తరానికి అందుతుంది. ఇప్పుడు 2.3తో నా ఎదురుగా కూర్చున్న మనిషికి కారణం తెలిసినా తెలియకపోయినా చేయాల్సిన వైద్యం ఒకటే.

ఆ వైద్యానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇరవై ఏళ్లు నిండిన ప్రతి మనిషికీ ఆరు నెలలకోసారి ఊళ్లోనే రక్తం, మూత్రం పరీక్ష చేయాలి. ఆ అంకెను వయసుతో కలిపి లెక్కకట్టి చెప్పాలి. బీపీ బిళ్ళలు, సోడా బిళ్ళలు నెలనెలా గుమ్మం దాకా చేరాలి, అయిపోయాయన్న మాట రాకూడదు. ఊరికో ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది, గ్రామ సచివాలయం ఉంది. పింఛను ఒకటో తేదీన ఇంటికి తెచ్చివ్వగలిగిన వ్యవస్థకు ముప్పై బిళ్ళలు తెచ్చివ్వడం కష్టం కాదు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు ఆటో ఖర్చు లేకుండా మండలానికో బండి తిప్పాలి. పలాస ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టు పోస్టులు ఎన్నడూ ఖాళీగా ఉండకూడదు.

పింఛను గీత కూడా మారాలి. ఐదు దాటినవాడికి ఇచ్చేది తగ్గించమని నేననను. రెండు దాటినప్పటి నుంచే చిన్న మొత్తం మొదలుపెట్టి, పరీక్షకు క్రమంగా వచ్చి, మందులు వాడి, అంకెను నిలబెట్టుకున్నవాడికి అది ఆగకుండా అందేట్టు చేయమంటాను. తగ్గిందని చెబితే పేషెంటు సంతోషించాలి. అందుకు అడ్డం వస్తున్నది జబ్బు కాదు, మనం రాసుకున్న నిబంధన. జబ్బును మార్చడం మన చేతుల్లో లేదు కానీ నిబంధనను ఒక్క జీవోతో మార్చవచ్చు.